బెజ్జం పడ్డ వెండి

మా రేవులో వలలకు సీసం కట్టేవాళ్ళు కాదు.
సీసానికి డబ్బులెక్కడివి, అనేది మా అమ్మమ్మ దోసిందా.
పోటు తీసిన తెల్లారుజామున
రాళ్ళ సందుల్లో నల్లబిళ్ళలు దొరికేవి,
అరచేతిలో ఇమిడేంత,
మాడిన రొట్టె అంచులా గరుగ్గా.
మేకుతో ఒక్కోదానికీ బెజ్జం కొట్టి
వల అంచున వరసగా కుట్టేది.
మూడు తరాలు మా సార్డీన్లను
ఆ బిళ్ళలే మునిగి తెచ్చాయి.

ఇది గలీసియా. ఇక్కడి సముద్రం
అప్పులవాడిలా వస్తుంది, తలుపు కొట్టదు.
నేను పెర్సెబెస్ కోస్తాను,
అలలు విరిగే చోటే రాతిని కరుచుకుని పెరిగే
రాకాసి గోళ్ళలాంటి గుల్లలు.
నడుముకు తాడు, చేతిలో ఉలి,
అలకీ అలకీ మధ్య ఏడంకెలు.
ఎనిమిదో అంకె నాది కాదు.

ఒక చలికాలం జ్వరంతో మంచాన పడి
ఏమీ తోచక ఒక బిళ్ళను
పొయ్యిబూడిదతో, నిమ్మచెక్కతో తోమాడు మా మామయ్య ఫిస్.
ముందు కిరీటం బయటపడింది.
తర్వాత రెండు స్తంభాలు.
వాటి నడుమ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ రెండు భూగోళాలు.
అడుగున, చెక్కిన అలలు.
నీళ్ళలో పడకముందే
దాని ఒంటిమీద సముద్రం ఉంది.

వీగో నుంచి లామెలా అనే ఆయన వచ్చాడు.
ఇంట్లో మఖమలు పరిచిన సొరుగులున్నాయట ఆయనకి,
ఒక్కో నాణేనికి ఒక్కో గుంట,
ఇంకా నిండని గుంటలు పదకొండు.
వాటి గురించి చెప్పేటప్పుడు
పెళ్ళికాని పిల్లల గురించి చెప్పినట్టు చెప్పాడు.
కంటికి భూతద్దం బిగించి, పెదవి విరిచాడు.
"అయ్యో, బెజ్జం."
"బెజ్జం లేకపోతే దారం ఎట్లా పడుతుంది?"
అడిగింది దోసిందా.

తూకం లెక్కన డబ్బిచ్చి వెళ్ళాడు. కుట్టుమిషను వచ్చింది ఆ డబ్బుతో.
గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అన్నాడు:
"బెజ్జం లేనిది ఒక్కటి దొరికినా, పడవ కొనుక్కోవచ్చు."

ఆ మాట మామయ్య చెవిలో దూరింది.
ఇక బయటికి రాలేదు.

మూడు వేసవులు మునిగాడు.
ఓడ పేరు ఎవరికీ తెలీదు,
మునిగిన చోటుకి మాత్రం ఊళ్ళో ప్రతివాడి దగ్గరా ఒక చిరునామా ఉంది.
అత్త ఎర్మీతాస్ ఒడ్డున కూర్చుని
బంగాళాదుంపల తొక్క తీస్తూ గొణిగేది:
కొండ తవ్వినవాడికి దక్కలేదు,
ఓడకెత్తినవాడికి దక్కలేదు,
రాజుగారికైనా చేరలేదు.
మధ్యలో నీకేం చుట్టరికం?

మూడో ఏడు సెప్టెంబరులో పైకొచ్చాడు.
ముక్కులోంచి రక్తం, బిగిసిన పిడికిలి.
ఇద్దరం కలిసి వేళ్ళు విప్పాం.
లోపల ఒక ఖాళీ నత్తగుల్ల.
నవ్వుదామనుకున్నాం గానీ
అతని చూపు మా నోళ్ళమీద ఉంది,
ఏమంటున్నామో వినబడని మనిషి చూపు.

ఎడమ చెవి మళ్ళీ తెరుచుకోలేదు.
ఇప్పుడు డెబ్బై దాటాయి. సాయంత్రాలు
తన జ్వరం నాటి బిళ్ళను,
లామెలాకి అమ్మని ఆ ఒక్కదాన్ని,
ఆ చెవికే ఆనించుకుని కూర్చుంటాడు.
ఏం వినిపిస్తుందని ఒకసారి అడిగాను,
కుడివైపు నుంచి.
"పడవ" అన్నాడు.

దోసిందా చివరి వల నా దగ్గరుంది.
అంచుకు పంతొమ్మిది బరువులు,
అన్నీ ఒకే నలుపు.
కొన్ని సీసం. కొన్ని కావేమో.
నిమ్మకాయలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి,
పొయ్యిలో బూడిదకీ కొదవలేదు.
రాత్రి గాలి మళ్ళినప్పుడు
కొక్కేనికి వేలాడుతూ అది గలగలమంటుంది.
సీసం అలా మోగదని నాకు తెలుసు.
దుప్పటి ముసుగు పెడతాను.

నిన్న పొద్దున ఆ వలే వేశాను.
ఇరవై మూడు సార్డీన్లు, ఒక పీత.
పీత ఒక బిళ్ళను రెండు చేతులా
పట్టుకుని వదలనంది.
వేళ్ళు తెగినా సరే విడిపించి,
పీతని నీళ్ళలోకి విసిరేశాను.
బిళ్ళవైపు చూడకుండా
వల మడిచాను.